మిరపకాయ చేతులు

పెదనందిపాడు
ఫిబ్రవరి, మంగళవారం

బుజ్జమ్మా,

నీ ఉత్తరం కంటే ముందు నీ కబురే వచ్చింది. చిలకలూరిపేట బస్సులో పక్కన కూర్చున్నావిడ నేనెవరో తెలియక, "మా అంగన్‌వాడీకి వచ్చిన కొత్త టీచరు జ్వరం పిల్లని గడప తొక్కనియ్యలేదంట, వాళ్ళమ్మ సెంటరు ముందు నిలబడి దుమ్మెత్తి పోసిందంట" అని చెప్పుకొచ్చింది. నేను నోరు మెదపలేదు. మూడో రోజున నీ ఉత్తరం అందింది. రెంటికీ పెద్ద తేడా లేదు, నువ్వు రాత్రి ఏడ్చి అన్నం మానేశావన్న ముక్క తప్ప. అన్నం మానేస్తే ఆ తల్లికి తెలుస్తుందా, మీ సూపర్‌వైజరుకి తెలుస్తుందా? తిను ముందు.

ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది, కళ్ళకలక పదిమందికీ అంటుకుంటుందని పంపేశానన్నావు. బాగానే ఉంది. వాళ్ళమ్మ చేతులు చూశావా?

తేజ మిరపకాయ కోతలు జోరుమీదున్న రోజులివి. పగలంతా కాయ కోసిన చేతులతోనే రాత్రి పిల్లకి అన్నం కలిపి పెడుతుంది, ముక్కు తుడుస్తుంది, కాటుక దిద్దుతుంది. నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా మిరప మంట చేతిని వదలదు, నూనెకైతే లొంగుతుంది. ముందు కొబ్బరినూనె రాసుకుని, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో రుద్దాలి. మన కూలి తల్లుల్లో పెద్దవాళ్ళకి ఇది తెలుసు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలకి తెలియదు. కళ్ళకలకైతే తెల్లారేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోతాయి, ఒక కంటి నుంచి రెండో కంటికి పాకుతుంది. 2023 వానాకాలంలో ఊళ్ళకి ఊళ్ళు కళ్ళు నలుపుకుంటూ తిరగడం చూశాంగా. మిరప మంటైతే చెయ్యి తగిలిన వెంటనే పట్టుకుంటుంది, ధారగా నీళ్ళు కారతాయి, మంచినీళ్ళతో కడుగుతుంటే కాసేపటికి నెమ్మదిస్తుంది. ఇక ఒళ్ళు వెచ్చనంటావా, థర్మామీటరు పెట్టావా, చెయ్యి పెట్టావా? కూలీల ట్రాక్టరొచ్చేదాకా చలిమంట పక్కన కూర్చోబెట్టిన పిల్ల ఒళ్ళు కూడా వెచ్చగానే ఉంటుందే!

మీ మామయ్య భుజం మీంచి చూసి "మళ్ళీ మొదలెట్టావా మిరపకాయ పురాణం" అంటున్నాడు. అననీ. ఆ పురాణం నాకెందుకు పట్టుకుందో ఆయనకి తెలియకేం కాదు.

నేను అంగన్‌వాడీలో చేరింది 1986లో. సెంటరంటే అప్పట్లో రామాలయం పక్కన వసారా, రెండు చాపలు, ఒక బిందె. మూడో ఏడు కోతల్లో ఓ తల్లి మూడేళ్ళ పిల్లాడిని చంకనేసుకుని వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. నేనూ నీలాగే, ఇంకా చెప్పాలంటే నీకంటే గట్టిగా, "ఇంటికి తీసుకుపో" అన్నాను. నా లెక్కలో ఇల్లంటే మంచం, పక్కన నాయనమ్మ. ఆమెది తాళం వేసిన ఇల్లు. ఒక్క పూట మానేస్తే మేస్త్రీ ముఠాలోంచి పేరు తీసేస్తాడు. వాణ్ణి కల్లానికి తీసుకుపోయి, ఎండబోసిన కాయ పక్కనే పరదా కింద పడుకోబెట్టింది. సాయంత్రానికి వాడి కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. నాలుగు రోజులు గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నారు. చూపు దక్కింది. ఆ తల్లి మాత్రం రెండేళ్ళు నన్ను పేరుపెట్టి గాని, టీచరమ్మా అని గాని పిలవలేదు. నూతి దగ్గర ఎదురుపడితే బిందె ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకుని పోయేది. ఇప్పటికీ మిరపకాయ ఘాటు తగిలితే నాకు ముందు వాడి మొహమే గుర్తొస్తుంది.

అలాగని అన్నిటికీ తలుపు తెరవమనడం లేదు. తట్టు పోస్తే దద్దుర్లు కనబడ్డ నాలుగు రోజులదాకా వద్దు. ఆటలమ్మైతే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా వద్దు. మీ నాన్నకి పోసినప్పుడు మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. మూడో నీళ్ళు పోసిందాకా ఒక్కరు గడప తొక్కలేదు, ఒక్కరు తగువాడలేదు. ఆ కాలపు బోర్డు అదే. దాన్ని పెట్టింది ఇంటివాళ్ళే గాని బయటివాళ్ళు కాదు, అందుకే చెల్లింది. నువ్వు గోడ మీద ఎర్రరంగుతో "జ్వరం ఉన్న పిల్లలకు ప్రవేశం లేదు" అని రాయించావటగా. సున్నం కొట్టించు.

విరేచనాలైతే ఇంటి దగ్గరే ఉండాలి, తగ్గాక కూడా రెండు రోజులు. కానీ ఓఆర్‌ఎస్ పొట్లాం ఇచ్చి, లీటరు నీళ్ళలో ఎలా కలపాలో తల్లి చేత నీ ముందే కలిపించి పంపు. ఇంకోటి, వచ్చీరాగానే "పొద్దున ఏమైనా మందు పోశావా?" అని అడుగు, కానీ పోలీసులా అడక్కు. ఆరింటికి పోసిన పారాసెటమాల్ పదకొండింటికి దిగిపోతుంది, మళ్ళీ ఒళ్ళు కాలుతుంది. తిడతావని భయపడితే తల్లి దాస్తుంది, అది తెలియక నువ్వు రెండోసారి పోస్తావు. ఎప్పుడు పోసిందో పుస్తకంలో రాసుకో. ఆమె ఫోను చేనులో మోగదు, మేస్త్రీ నంబరు కూడా రాసుకో.

నువ్వు రాసిన ఆవిడ కోసిగి వైపు నుంచి వలస వచ్చిన మనిషి. ఇక్కడ ఆమెకి అత్త లేదు, ఆడబిడ్డ లేదు, చెరువుకట్ట మీద పరదా పాక తప్ప. మిల్లుల్లో ఆడకూలీల పిల్లలకి ఒక గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. మిరపచేనుకి ఆ చట్టం లేదు. 1975లో 33 బ్లాకుల్లో మన అంగన్‌వాడీ పథకం మొదలైనప్పుడే జబ్బు పిల్లని ఆసుపత్రికి పంపడం మన ఆరు పనుల్లో ఒకటిగా రాశారు. పంపడమంటే ఏఎన్‌ఎమ్మకి ఫోను చేసి, చీటీ రాసిచ్చి పంపడం. గేటు బయటినుంచే తిప్పేస్తే ఆ పూట దానికి గుడ్డు కూడా పోయినట్టేగా? అనుమానంగా ఉంటే ఆయా పక్కన వసారాలో విడిగా చాప వెయ్యి, ఓ గంటసేపు చూడు.

ఆమె నిన్ను తిట్టింది నిజమే. నీ మీద చెయ్యెత్తితే నేనే వచ్చి అడుగుదును. కానీ ఆరోజు ఆమె కూలి పోయింది.

నీ దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగమంటే ముఖం చిట్లిస్తావు. ఆదివారం వస్తున్నా, కొబ్బరినూనె సీసాలు నాలుగు తెస్తాను, సెంటర్లో చేతులు కడుక్కునే చోట ఒకటి పెట్టు.

ఈలోగా ఆ చెరువుకట్ట పాకకి ఒకసారి వెళ్ళిరా. సాయంత్రం ఏడు దాటాక వెళ్ళు, అంతకుముందు కూలీల ట్రాక్టరు తిరిగి రాదు.

నీ మేనత్త