విత్తన పసుపు ఎవరింట్లో ఉంది?

నిజామాబాదు జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుతారు. దుంపలను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలుతారు. అయితే ఏ రైతూ పంటనంతా ఉడికించడు. కొంత పచ్చి దుంపను విడిగా తీసి, నీడపట్టున కుప్ప పోసి, ఆకు కప్పి దాచుకుంటాడు. ఉడికిన దుంప మొలవదు కదా! పైగా పసుపు మొక్క కణాల్లో క్రోమోజోములు రెండేసి చొప్పున కాక మూడేసి చొప్పున ఉంటాయి. అందువల్ల దానికి పనికివచ్చే గింజ పట్టదు. జూన్‌లో మళ్ళీ నాటాలంటే దుంపే గతి.

ఇప్పుడొక ప్రశ్న. ఊరి విత్తన పసుపునంతా ఒకే గోదాములో పెట్టి తాళం వేస్తే ఏమవుతుంది? కాపలా సులువే. కాని ఆ గోదాములో కుళ్ళు మొదలైందంటే ఆ ఏడు ఊరంతటికీ విత్తనం లేదు. ఇంటింటా ఒక కుప్ప ఉంటే, ఒకరిది కుళ్ళినా పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చు.

కంప్యూటర్లలో మనం రాసుకునే మాటల సంగతీ ఇంతే. వాటికీ గోదాములున్నాయి, ఇంటి కుప్పలూ ఉన్నాయి.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులకు ఒక ఆలోచన వచ్చింది. దాని నుంచి పుట్టిందే యూజ్‌నెట్. మీరు మీ కళాశాల కంప్యూటరులో ఒక ఉత్తరం రాస్తే, ఆ కంప్యూటరు టెలిఫోను తీగ మీద పక్క ఊరి కంప్యూటరును పిలిచి కొత్త ఉత్తరాలన్నీ అప్పగించేది. అది మరో ఊరికి అప్పగించేది. ప్రతి చోటా ఒక నకలు ఉండేది. వీటన్నిటికీ పెత్తనదారు ఎవరూ లేరు. దీనినే వికేంద్రీకరణ అంటారు.

1990ల మొదట్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులకు ఈ యూజ్‌నెట్‌లోనే ఒక చావడి ఏర్పడింది. అప్పటి కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు ఎక్కడివి? ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేందుకు ఆర్.టి.ఎస్. అనే పద్ధతి తయారైంది. చిన్న 'ఎన్' కొడితే న, పెద్ద 'ఎన్' కొడితే ణ. ఆ పేరులోని మొదటి అక్షరం రైస్ విశ్వవిద్యాలయానిది; బియ్యానికీ దానికీ సంబంధం లేదు!

యూజ్‌నెట్‌కు పెత్తనదారు లేడు కనుక, పాత ఉత్తరాలను దాచే బాధ్యత కూడా ఎవరిదీ కాదు. అయినా కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1981 నుంచి 1991 దాకా వచ్చినవాటిని టేపుల మీద ఎక్కించి ఉంచాడు. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. నకలు ఆయన కంప్యూటరుకే వస్తుండేది మరి! 2001లో ఆ ఉత్తరాలు మళ్ళీ లోకానికి అందాయి.

గోదాము కథ వేరు. యాహూ గ్రూప్స్ అనే చోట లక్షల బృందాలు నడిచేవి. తెలుగు సాహిత్యాభిమానుల 'రచ్చబండ' కూడా అక్కడిదే. అన్ని బృందాల ఉత్తరాలూ ఒకే సంస్థ కంప్యూటర్లలో ఉండేవి. 2020 డిసెంబరు 15న ఆ సంస్థ దానిని మూసివేసింది. ముందుగా నకలు తీసుకున్నవారికి మిగిలాయి. తీసుకోనివారికి లేవు.

పాత పద్ధతిని కొత్త రూపంలో తెచ్చినది మాస్టొడాన్. 2016లో జర్మనీలో ఆయ్‌గెన్ రాచ్కో దీనిని మొదలుపెట్టాడు. ఇందులో వేల సర్వర్లున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో ఊరనుకోండి. ఈమెయిలు చిరునామాలో పేరు, ఊరు ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. ఒక ఊరివారు మరో ఊరివారితో మాట్లాడేందుకు 'యాక్టివిటీపబ్' అనే ఉమ్మడి నియమావళి ఉంది. ఇది 2018లో ప్రమాణంగా ఖరారైంది. మీ ఊరి పద్ధతులు నచ్చకపోతే మరో ఊరికి మారవచ్చు. మిమ్మల్ని చదివేవారు మీ వెంట రాగలరు. పాత రాతలు మాత్రం వాటంతటవి రావు, మీరే దాచుకోవాలి.

ఇందులో ఒక చిక్కుంది. పదిచోట్లకు నకళ్ళు వెళ్ళిన మాటను వెనక్కు పిలవలేము. మీరు తుడిపేసినా ఏదో ఒక ఊళ్ళో అది మిగిలిపోవచ్చు. కనుక ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఇతరుల ఫొటోలు అక్కడ పెట్టవద్దు. చేరేముందు ఆ సర్వరు నియమాలు, వయసు నిబంధన ఇంట్లో పెద్దలతో కలిసి చదవండి.

సరే, పంచుకోవాలంటే ముందు మీ దగ్గర ఏదో ఉండాలి కదా! విన్నదానిని రాసిపెట్టకపోతే ఏమవుతుందో పసుపే మనకు నేర్పింది. గాయానికి పసుపు పెట్టడం మీ నాయనమ్మకు తెలుసు, ఆమె నాయనమ్మకూ తెలుసు. అయినా 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం, గాయం మాన్పేందుకు పసుపు వాడకం కొత్త విషయమని చెప్పి, మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చేసింది. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ దానిపై పోరాడింది. అయితే అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో జనం వాడుతున్నారంటే చాలదు, ఎక్కడో అచ్చయి ఉండాలి. అప్పుడు మనవాళ్ళు సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలనూ, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ వెతికి తీశారు. 1997లో పేటెంటు రద్దయింది. కోట్లమంది నోట ఉన్న మాట చేయలేని పని కొన్ని కాగితాలు చేశాయి!

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కూడా "మా నాయనమ్మ చెప్పింది" అంటే చెల్లదు, ఆధారం అడుగుతారు. ఎవరు ఏ రోజు ఏ మాట మార్చారో మాత్రం అక్కడ చరిత్రగా ఉండిపోతుంది. ఆ అలవాటు మన సొంత నోట్సుకూ కావాలి.

నోట్సును ఫొటోలుగా కాక అక్షరాలుగా ఉంచండి. ఒకప్పుడు ఒక ఫాంటులో కొట్టిన తెలుగు మరో ఫాంటులో పిచ్చిగీతల్లా కనబడేది. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించింది. 'ప' సంఖ్య 3114. 'పసుపు' అంటే కంప్యూటరుకు ప, స, కొమ్ము, ప, కొమ్ము: ఐదు సంఖ్యలు. ఏ కంప్యూటరయినా వాటిని ఒకేలా చదువుతుంది, వెతికిపెడుతుంది. (పసుపు కొమ్ములు అన్నందుకు రెండు కొమ్ములూ ఉన్నాయి చూశారా!) ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ వేయండి. కంప్యూటరు ఎడమ నుంచి పోల్చుకుంటుంది కనుక నోట్సు కాలక్రమంలో వాటంతటవే నిలబడతాయి. ఒక నోట్సులో ఒకే విషయం రాసి, దానికి సంబంధించిన మరో నోట్సు పేరు కింద వేయండి. జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞుడు నిక్లాస్ లూమాన్ ఇలా సుమారు 90,000 చీటీలను ఒకదానితో ఒకటి ముడిపెట్టుకున్నాడు.

చేసి చూడండి: పసుపు ఉడికించేచోటికి వెళ్ళి, అక్కడి పెద్దవారిని అడిగి ఒక నోట్సు రాయండి. తేదీ, ఊరు, చెప్పినవారి వరుస వేయండి. 'బాగా ఉడకాలి' అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎన్ని నిమిషాలు? నురగ ఎప్పుడు వచ్చింది? వాసన ఎప్పుడు మారింది? పుల్ల గుచ్చితే దిగిందా? నోట్సు మూడు నకళ్ళు చేయండి: ఒకటి ఫోనులో, ఒకటి కాగితం మీద, ఒకటి స్నేహితుని దగ్గర. నెల గడిచాక స్నేహితుణ్ణి తన నకలు మాత్రమే చూసి, పసుపు ఎప్పుడు దించాలో చెప్పమనండి. అతడు ఎక్కడ ఆగిపోయి మీ ముఖం చూశాడో, అక్కడ మీరొక మాట రాయడం మరిచారన్నమాట.