దుమ్మెత్తిపోయుట - తూర్పారబట్టుట

తెలుగున నిందను తెలుపు పలుకులకు కొదువ లేదు. అయినను అవి యన్నియు నొక్క యర్థము నిచ్చునవి కావు. ఒక్కొక్క పలుకు వెనుక నొక్కొక్క యుద్దేశము కలదు. ఈ భేదము నెఱిగినవాడు నోరు జాఱడు.

అమరకోశము శబ్దాదివర్గమున నిందకు అవర్ణము, ఆక్షేపము, పరీవాదము, అపవాదము, కుత్స, గర్హణము మున్నగు పది పేర్లను చెప్పినది. వీనిలో ఆక్షేపము ‘విసరుట’ యను నర్థముగల క్షిప్ ధాతువునుండి పుట్టినది. తెలుగువారి ‘దుమ్మెత్తిపోయుట’యు నట్టిదే. దానివలన నెదుటివానికి మైల యంటునే కాని తప్పు దిద్దుబాటు కాదు.

‘తూర్పారబట్టుట’ కళ్లమునుండి వచ్చిన మాట. రైతు ధాన్యమును గాలికెత్తి పోయగా పొల్లు తొలగి గింజ నిలుచును. ‘చాకిరేవు పెట్టుట’, ‘ఉతికి యాఱవేయుట’ రేవునుండి వచ్చినవి. బండపై నెంత బాదినను మడివాలునకు పగ మురికితోడనే. నేడు వీనిని కఠినముగా తిట్టుట యను నర్థముననే వాడుచున్నను, వీని పుట్టుకలో శుద్ధి కలదు.

మడివాలు మాచయ్యది ఆ వృత్తియే. దానమున తనంతవాడు లేడను భావము బసవేశ్వరునకు కలుగగా మాచయ్య దానిని నిర్మొగమాటముగా ఖండించెననియు, బిజ్జలుని కొలువున దండనాయకుడైన బసవన్న యాతనికి మ్రొక్కి సవరించుకొనెననియు శరణుల గాథ చెప్పును. మాచయ్య గర్వమునే దూషించెను. బసవన్న మాటలోని సత్యమునే చూచెను.

‘మందలించు’ అను పలుకును గమనింపదగును. కోస్తా మండలమున దీనికి మెల్లగా బుద్ధిచెప్పుట యని యర్థము. తెలంగాణమున పలకరించుట, క్షేమమడుగుట యని యర్థము. దుఃఖమున నున్న యింటికి పోయి బంధువులు మందలించి వత్తురు. క్షేమము కోరినవాని నోటనే బుద్ధిమాట చెల్లునని యీ రెండర్థములును కలిసి బోధించుచున్నవి.

విడువవలసిన వేవి? తీఱిపోయిన తప్పును మరల తవ్వుట దెప్పు. మనిషి లేని వేళ నిందించుట ఆడిపోసుకొనుట. అతడు బదులు చెప్పుకొనుటకు వీలుండదు. కులము, రూపము, పుట్టిల్లు ఎత్తి తిట్టుట వీనికంటె హీనము. అవి దిద్దుకొనదగిన తప్పులే కావు.

కనుక పిల్లవానిని ‘మొద్దు’ అనుటకు మాఱు తప్పిన లెక్కను చూపవలెను. కోడలి పుట్టింటి నెత్తక జరిగిన పొరపాటునే చెప్పవలెను. అదియు నలుగురి యెదుట కాక, ఒంటరిగా పిలిచి, ఒక్కమాఱే చెప్పవలెను.