ఆ నెలను బల్ల మీదికి రప్పించు

చిరంజీవి తమ్ముడికి,

నెలకోసారి మాత్రమే కనబడే బగ్‌ను ఎలా పట్టుకోవాలని అడిగావు. దానికోసం నెల్లాళ్లు కాపలా కాయకురా. ఆ నెలనే నీ బల్ల మీదికి రప్పించు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న పరికరానికి డ్రైవర్ రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. 49 రోజులు బ్రహ్మాండంగా నడిచి, యాభయ్యో రోజున బిగుసుకుపోయింది. సెకనుకు 1000 చొప్పున లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 49.7 రోజులకు నిండి మళ్లీ సున్నాకొస్తుంది. నేనేమో ఏ అంకె పెద్దదో చూసి అదే తర్వాతి సమయం అనుకున్నాను. మీటర్ సున్నాకి తిరిగినంత మాత్రాన పాత స్కూటర్ కొత్తదవుతుందా? లినక్స్‌లో టైమ్ ఆఫ్టర్ అనే మాక్రో ఉంది. అది రెండింటి తేడా తీసి, ప్లస్సా మైనస్సా అని చూస్తుంది. ఎప్పుడూ దాన్నే వాడు.

అంతకన్నా నాకు నచ్చింది లినక్స్ వాళ్ల ఉపాయం. కెర్నల్‌లో జిఫీస్ అనే టిక్కుల లెక్కను సున్నా నుంచి కాకుండా, 32 బిట్లు నిండడానికి 300 సెకన్ల ముందు నుంచి మొదలుపెడతారు. నాలాంటి వాళ్ల తప్పు బూటయిన ఐదు నిమిషాలకే బయటపడుతుంది. అరుదుగా వచ్చే ఇంకోటి లీప్ సెకను. 2012 జూన్ 30న దాన్ని కలిపినప్పుడు, గడియారం జరిగిన సంగతి హై రిజల్యూషన్ టైమర్లకు చేరక ఎన్నో సర్వర్లలో సీపీయూలు ఊరికే తిరిగాయి. లీప్ సెకను ఏళ్లకోసారి వచ్చినా, కెర్నల్ సెల్ఫ్‌టెస్టుల్లో దాన్ని ఎన్నిసార్లైనా తెప్పించవచ్చు.

ఇక నీ సంగతి. మాడ్యూల్ తీసేచోట పది మిల్లీసెకన్ల డిలే పెడితే బగ్ పోయిందన్నావు. పోలేదు, దాక్కుంది. నువ్వు టైమర్‌ను డిలీట్ చేసే క్షణంలో దాని ఫంక్షన్ ఇంకో సీపీయూ మీద నడుస్తూ ఉండొచ్చు. నువ్వు ఫ్రీ చేసిన మెమరీనే అది తాకుతుంది. ఆ డిలేను అక్కణ్ణుంచి తీసి, టెస్టు కోసం టైమర్ ఫంక్షన్ లోపల పెట్టు. మెమరీ తప్పుల్ని పట్టే కేఏసాన్ ఆన్ చేసి, మాడ్యూల్‌ను వందసార్లు ఎక్కించి దించు.

దొరికాక, ఫంక్షన్ ముగిసేదాకా ఆగే సింక్ రకం డిలీట్ వాడు. ఆ ఫంక్షన్ అడిగే లాక్‌ను మాత్రం చేత పట్టుకుని ఆ డిలీట్‌ను పిలవకు, నువ్వూ ఆ ఫంక్షనూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఇంకెవరైనా టైమర్‌ను మళ్లీ మొదలెట్టే వీలుంటే షట్‌డౌన్ సింక్ ఉంది.

బగ్ ఇప్పుడు గంటకు పదిసార్లు వస్తోందని రాయి. సగం పని అయిందని సంతోషిస్తాను.

ప్రేమతో,
అక్క