సర్వర్ల టైముకు ఏ టూల్ పెట్టాలి?

కరీంనగర్ ఐటీ టవర్‌లోనో, గోదావరిఖనిలో ఏదో కాంట్రాక్టు సంస్థలోనో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నారనుకుందాం. సర్వర్ల టైము గురించి మామూలు రోజుల్లో మిమ్మల్ని ఎవరూ అడగరు. తేడా వచ్చిన రోజు మాత్రం అందరూ మీ మీదే పడతారు. మస్టర్ ఉదయం ఏడింటికి పడిందా, ఏడూ పన్నెండుకా? జీతం కోసేస్తే కార్మికుడు నేరుగా యూనియన్ ఆఫీసుకు పోతాడు. బయోమెట్రిక్ మెషీన్ టైమే తప్పని తేలితే హెచ్‌ఆర్ వాళ్లు మిమ్మల్ని పిలుస్తారు.

పైగా ఇది మన ఇష్టాయిష్టాల సంగతి కాదు. కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల టైమును ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటిని అనుసరించే సర్వర్లతోనో కలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. టైము కలవని లాగ్‌లు ఎన్ని రోజులు దాచినా, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో వాటితో తేల్చలేరు.

లినక్స్ సర్వర్లయితే ఎక్కువ ఆలోచించకుండా క్రోనీ పెట్టండి. లింకు గంటలకొద్దీ పడిపోయే చోట, కరెంటు పోయి జనరేటర్ మీద బతికే చోట అది త్వరగా దారిలో పడుతుంది. పాత ఎన్‌టీపీడీకి తేడా 1000 సెకన్లు దాటి కనిపిస్తే, మామూలు సెట్టింగుల్లో, లాగ్‌లో ఒక లైను రాసి ఆగిపోతుంది. ఆ లైను ఎవరు చూస్తారు? రెడ్ హ్యాట్ 8 నుంచి ఎన్‌టీపీడీని ఇవ్వడమే మానేశారు. సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ ఒక్క మెషీన్‌కు చాలు గానీ, ఇంకో మెషీన్‌కు టైము ఇవ్వలేదు.

క్రోనీలో మేక్‌స్టెప్ లైను జాగ్రత్త. సర్వీసు మొదలైన కొత్తలో మాత్రమే టైమును ఒక్కసారిగా జరపనివ్వండి. నడుస్తున్న డేటాబేస్ సర్వర్‌లో గడియారం వెనక్కి దూకితే, తర్వాత చేసిన బిల్లు ముందు చేసినట్టు కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్లలో హైపర్‌వైజర్ ఒకవైపు, క్రోనీ ఒకవైపు టైము సరిచేస్తుంటే ఏదో ఒకటి ఆపేయండి.

విండోస్ డొమైన్ అయితే అందులో ఉన్న టైము సర్వీసునే వాడండి. పీడీసీ సర్వర్ ఒక్కటే బయటి టైము తీసుకోవాలి, మిగతావి దాన్ని అనుసరించాలి. తేడా 5 నిమిషాలు దాటితే లాగిన్‌లు ఆగిపోతాయి, జనం పాస్‌వర్డ్ తప్పనుకొని మీకు ఫోన్లు చేస్తారు.

రామగుండం లాంటి విద్యుత్ కేంద్రాల పని వేరు. ఏ రిలే ముందు పనిచేసిందో మిల్లీసెకన్లలో తేలాలి. అక్కడ జీపీఎస్ క్లాక్, పీటీపీ కావాలి. ఇంటర్నెట్ ఎన్‌టీపీని నమ్ముకుంటామంటే ఒప్పుకోకండి.

మళ్లీ మామూలు ఆఫీసుకొస్తే, లోపల రెండు టైము సర్వర్లు పెట్టి, ఒక్కోదానికి బయట నాలుగు సోర్సులు ఇవ్వండి. సోర్సులు రెండే ఉండి అవి విభేదిస్తే ఏది తప్పో తేలదు. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 తెరిచారో లేదో చూడండి. తేడా పెరిగితే అలర్ట్ రావాలి. ‘సర్వీసు రన్నింగ్’ అని స్క్రీన్ మీద ఉన్నంత మాత్రాన టైము సరిగ్గా ఉన్నట్టు కాదు.

అందరూ మరిచేది సీసీ కెమెరాల ఎన్‌వీఆర్‌నే. పోలీసులు ఫుటేజీ అడిగిన రోజు అందులో టైము ఇరవై నిమిషాలు వెనక ఉంటే సంజాయిషీ మీరే రాయాలి. దానికీ, బయోమెట్రిక్ మెషీన్‌కీ లోపలి టైము సర్వర్ ఐపీ ఇచ్చి, టైమ్ జోన్ 5:30 ఉందో లేదో కళ్లతో చూడండి. కొత్తవి కొనేటప్పుడు ఎన్‌టీపీ సపోర్టు ఉండాలని టెండర్‌లోనే రాయించండి. కొన్నాక అడిగితే వెండర్ దానికి వేరే కొటేషన్ పంపుతాడు.