వేడెక్కే సముద్రం – దారి మార్చుకునే జీవులు

బందరు చేపలు విజయవాడలోని మన ఇళ్లకు వస్తూనే ఉంటాయి. వండుకుని తిని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటాం. మరి ఆ చేపలు బతికే సముద్రం ఎలా మారుతోందో ఎప్పుడైనా ఆలోచించామా? 1950-2020 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం దశాబ్దానికి సుమారు 0.12 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడెక్కింది.

ఇది కొంచెమే అనిపిస్తుంది. కానీ చాలా చేపలకు ఒంట్లో సొంత వేడి ఉండదు. చుట్టూ ఉన్న నీటి వేడే వాటి వేడి. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు దాని అవసరం మాత్రం పెరుగుతుంది. అలాంటప్పుడు బతకడానికి సృష్టికర్త వాటికి కొన్ని మార్గాలు ఇచ్చాడు.

మొదటిది చోటు మారడం. నూనె కవళ్లు ఒకప్పుడు ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరాల చేపలు. తర్వాతి దశాబ్దాల్లో అవి ఉత్తరానికీ, మన తూర్పు తీరానికీ విస్తరించాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గమనించారు. రెండవది లోతుకు దిగడం. దేశంలో పట్టిన కానాగుర్తల్లో 1985-89లో 2 శాతమే అడుగు వలలకు చిక్కగా, 2003-07 నాటికి అది 15 శాతమైంది. మూడవది కాలం మార్చుకోవడం. చెన్నై తీరంలో సంకరా అనే ఎర్రచేప 1980-2004 మధ్య గుడ్లు పెట్టడాన్ని ఎక్కువగా చల్లని నెలలకు జరుపుకుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చేపలు పిల్లలు పెట్టే కాలమని మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపుతారు. చేప తన కాలం మార్చుకుంటే ఆ రక్షణ దానికి అందదు.

కదలలేని ప్రాణుల సంగతి మరీ కష్టం. నాగాయలంక, కోడూరు వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్ల ఆడో మగో ఇసుక వేడిని బట్టే తేలుతుంది. వేడి పెరిగితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. మరీ పెరిగితే గుడ్డులోనే ప్రాణం పోతుంది.

సర్దుకునే శక్తికి హద్దు ఉందన్నమాట. నేలలో, సముద్రంలో తలెత్తే కల్లోలానికి మనుషుల చేతలే కారణమని దివ్యఖుర్ఆన్ అర్రూమ్ సూరా 41వ ఆయతు హెచ్చరిస్తుంది. ఈ సృష్టి మన చేతిలోని అమానతు. దుబారా ధర్మసమ్మతం కాదు. అవసరం లేని లైటు ఆర్పడం, బందరు కాలువలో చెత్త వేయకపోవడం, ఇంకా ఎదగని పిల్లచేపలను కొనకపోవడం మన ఇంటి నుంచే మొదలుపెట్టగలం. చేప తనకు చేతనైనంత సర్దుకుంటోంది. మన వంతు మనం చేస్తున్నామా?