బిడ్డకు షుగరు వస్తే తప్పెవరిది?

కుటుంబ పాఠము
చదువవలసిన వాక్యభాగములు: యోహాను 9:1-7, లూకా 10:30-37



పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు మొదట వెదకినది తప్పు ఎవరిదన్నదే. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. అయినను మన సంఘములలో ఒక బిడ్డకు షుగరు వ్యాధి అని తెలియగానే అదే ప్రశ్న లేచును. తల్లి మిఠాయిలు ఎక్కువ పెట్టినదని కొందరు, కృష్ణగిరి మామిడిపండ్లు విడువక తిన్నందుకని కొందరు, తల్లిదండ్రుల అవిశ్వాసమని మరికొందరు అందురు. పనుల నిమిత్తము హోసూరు, కృష్ణగిరి ప్రాంతములకు వచ్చి స్థిరపడినవారిలో, పుట్టింటివారు దగ్గర లేని తల్లికి ఈ మాటలు మరింత భారము. గనుక సత్యము తెలిసికొందము.

1. ఈ వ్యాధి ఏమిటి?

పెద్దలలో సాధారణముగా చూచు షుగరు వేరు. పిల్లలలో ఎక్కువగా కనబడునది టైప్ 1 అను రకము. రోగక్రిములతో పోరాడవలసిన శరీర రక్షణశక్తి, క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేయు కణములనే శత్రువులని యెంచి నాశనము చేయును. ఇన్సులిన్ లేనిదే ఆహారములోని చక్కెర శరీరమునకు ఉపయోగపడక రక్తములో నిలిచిపోవును. తీపి తిన్నందువలన ఈ నాశనము కలుగదు. ఇది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. సండేస్కూలులో ఆ బిడ్డను వేరుగా కూర్చుండబెట్టనక్కరలేదు.

2. వైరస్‌లకు సంబంధము కలదా?

వంశపారంపర్యముగా వచ్చు గుణము కొంత కారణము. అయితే ఒకే పోలికగల కవలలలో ఒకరికి వచ్చి రెండవవారికి రాకపోవుట కలదు. గనుక బయటి కారణము కూడ ఉండవలెనని వైద్యులు వెదకుచున్నారు. 1979లో అమెరికాలో ఈ వ్యాధితో మరణించిన పదేండ్ల బాలుని క్లోమ గ్రంథిలో కాక్సాకీ బి4 అను వైరస్ దొరికినది. దానిని ఎలుకలకు ఎక్కించగా వాటిలో కొన్నిటికి షుగరు వచ్చినది. అమెరికా, ఐరోపా దేశములలో పిల్లలను పుట్టినది మొదలు గమనించిన టెడ్డీ అను పరిశోధన 2019లో మరియొక సంగతి తెలిపినది: ఈ జాతి వైరస్ పేగులలో చాలకాలము నిలిచిన పిల్లలలో, ఇన్సులిన్ కణములపై దాడి మొదలగుట ఎక్కువగా కనబడినది.

అయితే ఇట్టి వైరస్‌లు సోకిన పిల్లలలో అత్యధికులకు షుగరు రాదు. దాడి మొదలైన నెలలకో, ఏండ్లకో గాని వ్యాధి బయటపడదు. గనుక పోయినవారము వచ్చిన జ్వరమే కారణమని, వానలో తడవనిచ్చిన తల్లిదే తప్పని అనుట న్యాయము కాదు.

గర్భిణికి రుబెల్లా సోకినయెడల పుట్టు బిడ్డకు ఇతర లోపములతోపాటు తరువాత షుగరు వచ్చుట కూడ ఎరిగినదే. దీనికి టీకా కలదు. 2017 ఫిబ్రవరిలో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమము మొదట ఆరంభించిన రాష్ట్రములలో తమిళనాడు, కర్ణాటక ఉన్నవి. మన పిల్లలకు రెండు మోతాదులు తప్పక వేయించవలెను.

3. తల్లిదండ్రులు గమనించవలసిన గురుతులు

మాటిమాటికి దాహము, మాటిమాటికి మూత్రము. పక్క తడుపుట మానిన బిడ్డ మరల తడుపుట. మూత్రమునకు చీమలు పట్టుట. బాగుగా తినుచున్నను చిక్కిపోవుట. వాంతులు, కడుపునొప్పి, ఆయాసముతో లోతైన శ్వాస, మగత కనబడినయెడల అది ప్రాణాపాయము. అజీర్తి అని, దిష్టి అని ఆలస్యము చేయరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. హోసూరులో ప్రభుత్వ ఆసుపత్రి కలదు; కృష్ణగిరిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. తమిళము రానివారు జంకనక్కరలేదు. “షుగర్ టెస్ట్” అన్న మాట ఎవరికైనను తెలియును. వేలినుండి ఒక్క రక్తపుబొట్టు చాలును.

4. ప్రార్థనయు ఇన్సులినును

1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనబడెను. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదట ఇచ్చిరి. అంతకుముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు ఎక్కువకాలము బ్రదుకలేదు. ఇప్పుడు చదువుకొని, ఉద్యోగములు చేసి, వివాహమాడి జీవించుచున్నారు. మంచి సమరయుడు గాయపడినవానిపై జాలిపడి ఊరకుండలేదు. గాయములు కట్టెను, ఖర్చు భరించెను. కాబట్టి ప్రార్థన చేయుదము, ఇన్సులిన్ మాత్రము ఒక్కదినమైనను మానిపింపరాదు. ఉపవాస ప్రార్థన దినమున గాని, జ్వరముతో బిడ్డ తిననప్పుడు గాని తల్లిదండ్రులు తమంతట తాము ఆపక, వైద్యుని అడిగి మోతాదు సరిచేసికొనవలెను.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. రోగిని చూచినప్పుడు మనము మొదట అడుగు ప్రశ్న ఏది?
2. మన సంఘములో ఇట్టి బిడ్డగల కుటుంబమునకు మందుల ఖర్చులోను, ఆసుపత్రికి తోడు వెళ్లుటలోను ఎట్లు సహాయపడగలము?
3. సండేస్కూలు ఉపాధ్యాయులందరికి ఈ గురుతులు తెలియునా?

ప్రార్థనాంశము: దీర్ఘరోగముతో నున్న పిల్లల కొరకును, నింద మోయుచున్న వారి తల్లుల కొరకును ప్రార్థించుదము.