విశాఖ తీరం: తెప్పల నుంచి ఓడల దాకా

రేవు ఒక ఊరిని ఎలా మారుస్తుందో ఈ భాగంలో విశాఖపట్నం ఉదాహరణగా తెలుసుకుందాం.

1901 జనాభా లెక్కల నాటికి ఈ ఊరి జనం సుమారు 40 వేలు. 2011 నాటికి 17 లక్షలు దాటారు. (ఇందులో కొంత భాగం 2005లో గాజువాక మొదలైనవి నగరపాలక సంస్థలో కలవడం వల్ల వచ్చినదని గుర్తుంచుకోండి.) విశాఖ ఒకప్పుడు వట్టి చేపల పల్లె అని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. 17వ శతాబ్దం చివరికే ఇక్కడ ఆంగ్లేయుల వర్తక స్థావరం ఉంది. అయితే తీరం వెంబడి బతుకుతున్నది మాత్రం జాలరులు, వాడబలిజలు.

వారికి రేవుతో పని లేదు. ఎందుకో తెలియాలంటే తెప్పను గమనించాలి. కొన్ని దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తారు. అల మీద పడినా నీరు సందుల్లోంచి జారిపోతుంది, తెప్ప మునగదు. వేట ముగిశాక దుంగలను విప్పి ఇసుక మీద ఆరబెడతారు. అంటే వారికి కావలసింది ఇసుక తీరం.

పెద్ద ఓడకు ఇది చాలదు. దానికి లోతైన, అలల తాకిడి లేని నీరు కావాలి. మధ్య భారతంలోని మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి అటువంటి చోటు అవసరమైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న చిత్తడి నేలను తవ్వారు. రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అలలకు అడ్డుకట్టగా వాడారు. 1933లో రేవు తెరుచుకుంది. ఆపైన 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1966 ఆందోళన ఫలితంగా ఉక్కు కర్మాగారం వచ్చాయి. పని కోసం జనం తరలి వచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రైతు భూమి పోతే పట్టా చూపి పరిహారం అడగగలడు. జాలరి వలలు ఆరబెట్టే ఇసుకకు పట్టా ఎక్కడిది? చేపలు ఎండబెట్టి అమ్మే స్త్రీల పని కూడా ఆ ఇసుక మీదనే. లోపలెక్కడో పక్కా ఇల్లు కట్టించి ఇచ్చినా, సముద్రం కనబడని ఇల్లు జాలరికి సగం ఇల్లే. 2000 దశకంలో గంగవరం రేవు నిర్మాణ సమయంలో అక్కడి మత్స్యకారులు ఆందోళనకు దిగినది ఈ తీరం కోసమే. నగరం నడుమ పెదజాలరిపేట నేటికీ ఉంది. చుట్టూ మేడలు లేచాయి. తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చాయి.

ఆలోచించి రాయండి: తీరాన్ని తరతరాలుగా వాడుకున్నవారికి దానిపై హక్కు ఉందని నిరూపించడానికి మీరు ఏ ఆధారాలు చూపుతారు?